జోల మందు

వరసగా రెండో ఏడు కూడా నారు కుళ్ళిపోయింది.

తమ్ముడి నర్సరీలో నారుగది తలుపు తియ్యగానే హిమజకి ముందు తగిలింది వాసనే. తడిసిన గోనెసంచి మూల పడేసి మర్చిపోతే వస్తుందే, ఆ ముక్కవాసన. తర్వాత కళ్ళకి కనిపించింది. అరల మీద వరసగా ట్రేలు, ట్రేల గుంటల్లో కొబ్బరిపొట్టు, ఆ పొట్టు మీద ఎవరో దూది ఏకి పరిచినట్టు తెల్లటి బూజు. మొన్నటిదాకా రెండేసి ఆకులతో నిటారుగా నిలబడ్డ మిరప మొలకలు మొదళ్ళు నల్లబడి, నీరుకారి, ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి.

"దాల్చినచెక్క పొడి చల్లాం. బూడిద చల్లాం. పైనుంచి నీళ్ళు పొయ్యడం మానేసి కింద పళ్ళేల్లోనే పెట్టాం. గదినిండా ఫ్యాన్లు బిగించాం," అన్నాడు వంశీ. "రెండ్రోజులు తగ్గినట్టే ఉంటుందక్కా. మళ్ళీ లేస్తుంది."

ఎండలు ముదిరిపోయాక గుంటూరు చుట్టుపక్కల ఆరుబయట నారుమడి పోసే రోజులు పోయాయి. మొలకెత్తిన గింజ మధ్యాహ్నానికల్లా మాడిపోతోంది. అందుకని మిరప గానీ టమాటా గానీ మూసిన గదుల్లో, దీపాల వెలుతురులో పెంచి, కాస్త బలం వచ్చాక పొలానికి పంపడం అలవాటైంది. ఎండని తప్పించుకుని లోపలికొస్తే అక్కడ చెమ్మ కాచుకుని కూచుంది. చెమ్మ ఉన్నచోటికి బూజు రాక మానదు.

దీనమ్మ ఒక ట్రే ఎత్తి బయట గుట్ట మీద బోర్లించి వచ్చింది. వాళ్ళ నాన్న నర్సరీ పెట్టిన నాటినుంచీ ఉన్న మనిషి. గింజలు గుంటల్లో వేసేటప్పుడు పాడుకుంటూ వేస్తుంది. ఆవేళ పాట లేదు.

"ఏడుకొండలుకి ఏం చెప్పాలి బాబూ?" అంది వంశీతో. "పోయినేడు కూడా ఆయన చేను బీడుగానే పడుంది."

వంశీ గోడకి చేరబడి, అక్క వంక చూశాడు. హిమజ విత్తన పరిశోధన కేంద్రంలో మొక్కల తెగుళ్ళ మీద పనిచేసే శాస్త్రవేత్త. తెగులు పేరు చెప్పగలదు, అది ఎలా పాకుతుందో చెప్పగలదు, ఎలా ఆపాలో మాత్రం ఆవేళకి చెప్పలేకపోయింది.

*

దారి దొరికింది, పారేయబోయిన గాజుపళ్ళెంలో.

ప్రయోగశాలలో బూజుని పెంచే పళ్ళేలు కడుగుతుంటే హిమజ చూపు ఒకదాని మీద ఆగింది. బూజు పళ్ళెమంతా పాకి, అంచుకి వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆ వేలెడు మేరా మేత ఉంది, తడి ఉంది. అయినా పాకలేదు. చచ్చిందా అంటే చావలేదు. కాస్త తీసి కొత్త పళ్ళెంలో పెడితే తెల్లారేసరికి పోగులు సాచింది.

మేత తగ్గుతోందని తెలియగానే బూజు ఒక రసాన్ని వదులుతోంది. అది తాకిన ప్రతి పోగూ ఉన్నచోటే ఆగిపోతోంది. ఇక చాలు, పడుకోండని తనవాళ్ళకి తనే చెప్పుకుంటున్నట్టు. ఆ రసాన్ని విడదీసి, దాన్ని పోలినదాన్ని సీసాలో తయారుచెయ్యడానికి హిమజకి ఏడాది పైనే పట్టింది. నీళ్ళలో కలిపి సన్నటి మంచులాగా గదిలో వదిలితే, కొబ్బరిపొట్టులో దాగిన బూజు విత్తనం ఒక్కటీ కన్ను తెరవలేదు.

ఎలుకలకి తినిపించారు, ఆ మంచులోనే ఉంచి పెంచారు, కుందేళ్ళ చర్మానికి రాశారు, రక్తం తీసి చూశారు. ఏ తేడా లేదు.

మంచుయంత్రం మొదట బిగించింది వంశీ నారుగదిలోనే. దాన్ని చూసుకునే పని వంశీ భార్య ప్రణతి తీసుకుంది.

"అయితే చంపదంటావా అమ్మా?" అంది దీనమ్మ, యంత్రం మూతిలోంచి వస్తున్న తెల్లటి పొగని చేత్తో తడుముతూ. "నిద్రపుచ్చుద్దా? అట్టయితే ఇది మందు కాదు, జోలపాట."

ఆ పేరే స్థిరపడింది. కేంద్రం దానికి పెట్టిన పొడుగాటి పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. జోల మందు, జోల గది, జోల నారు.

ఆ ఏడు ఒక్క ట్రే కూడా పారబొయ్యలేదు. ఏడుకొండలు ట్రాక్టరు తొట్టినిండా నారు వేసుకుంటూ హిమజకి చేతులెత్తి మొక్కబోతే ఆమె సిగ్గుపడి పక్కకి తప్పుకుంది. మరుసటి ఏటికి రెండు జిల్లాల నర్సరీల్లో జోల యంత్రాలు వెలిశాయి.

"ఆ పాడు ముక్కవాసన కూడా పోయిందమ్మా," అని దీనమ్మ సంబరపడింది. "ఇదివరకు ఇంటికెళ్ళినా చీరకి అంటుకునుండేది."

అందరూ అవునన్నారు. హిమజ కూడా గుండెనిండా గాలి పీల్చి, అవునంది.

*

ఇంట్లో అప్పుడప్పుడూ చిన్నచిన్నవి జరుగుతుండేవి. ప్రణతి ఒకసారి పులిసిపోయిన పప్పు వంశీకి క్యారియర్‌లో పెట్టింది. వంశీ సగం తిన్నాక రుచి చూసి ఉమ్మేశాడు. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయ్యాక గానీ ఆమెకి తెలియలేదు. ప్రణతికి అయిదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి మతిమరుపు మామూలేనని పక్కింటివాళ్ళు నవ్వారు. తను మొదటినుంచీ అంతేనని ప్రణతీ నవ్వేసింది. తిండి సయించడం లేదని అన్నప్పుడు కూడా, అది వేవిళ్ళ తాలూకు అనుకున్నారు.

హిమజా వంశీల తల్లి అనసూయ మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఖమ్మంలో అక్కగారింట్లో చాలాకాలం ఉండిపోయింది. కోడలికి నెలలు పెరుగుతున్నాయని ఆ వేసవి చివర తిరిగొచ్చింది. వచ్చిన మర్నాడే కర్ర ఊతంతో నారుగది చూడ్డానికి బయల్దేరింది. హిమజ ఆదివారమని వచ్చి ఉంది కాబట్టి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

తలుపు తియ్యగానే అనసూయ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇదేంటే, ఇంత ముక్కవాసన?"

"ఎక్కడ?" అంది హిమజ.

"ఎక్కడేంటి? గదంతా! గోడలకి పట్టేసింది. ఇదిగో, ఈ కర్రపెట్టె వైపు చూడు, దగ్గరికెళ్ళలేకపోతున్నా."

మూలన పాత కర్రపెట్టె ఉంది. హిమజ వంగి ముక్కు దాదాపు చెక్కకి ఆనించింది. పీల్చింది. మళ్ళీ పీల్చింది. చల్లటి గాలి ముక్కులోకి వెళ్ళి వచ్చింది. అంతకు మించి ఏమీ లేదు.

పెట్టె జరిపి చూస్తే అడుగున, నిద్రపోతున్న బూజు బూడిదరంగు పొరలాగా కనిపించింది. చచ్చింది కాదు కాబట్టి వాసన ఎక్కడికీ పోలేదు. పోయింది వాసన కాదు.

"ప్రణతీ," అని పిలిచింది హిమజ. "ఒకసారి ఇంట్లోకి రా."

వంటింట్లో ప్రణతిని పీట మీద కూచోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. అనసూయ ఇంగువ డబ్బా మూత తీసి కోడలి ముక్కు కింద పెట్టింది. ప్రణతి కదలకుండా కూచుంది.

"పెట్టండి అత్తయ్యా."

"పెట్టానమ్మా," అంది అనసూయ మెల్లగా.

ప్రణతి కళ్ళు తెరిచి, ముక్కు కిందున్న డబ్బా చూసింది. అత్తగారి వంకా ఆడపడుచు వంకా చూసింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

కర్పూరం, కాఫీపొడి, నలిపిన కరివేపాకు, ఒక్కొక్కటే పెట్టి చూశారు. తర్వాత హిమజ కూచుంది. ఆ తర్వాత వంశీ, నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళు. నిప్పు మీద ఎండుమిరపకాయ వేస్తే అందరికీ కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి, దగ్గు వచ్చింది. ఘాటు తెలుస్తోంది. వాసన తెలియడం లేదు. కొత్తగా చేరిన ఒకామె మాత్రం కర్పూరం ఉందో లేదో అన్నట్టుందని చెప్పింది.

దీనమ్మకి ఏమీ తెలియలేదు.

"ఇదేమన్నా రోగమా అమ్మా?" అని అడిగింది.

అందరూ తనవైపే చూస్తున్నారు. హిమజకి అప్పటికి తెలిసింది తక్కువ, భయపడింది ఎక్కువ. ఆ భయం పైకి కనపడనివ్వకూడదనుకుంది.

"కంగారేం లేదు. జలుబు చేసినప్పుడు పోదూ, అలాంటిదే. నేను చూసి చెబుతాగా."

*

మర్నాడు ప్రయోగశాలలో హిమజ ఎలుకల పెట్టెల్లో పొట్టు పరిచి, అడుగున వేయించిన వేరుశనగ గింజ దాచింది. మామూలు ఎలుక మూతి కదిలిస్తూ తిన్నగా వెళ్ళి తవ్వి తీసింది. జోల మంచులో నెలల తరబడి పెరిగిన ఎలుక పెట్టెంతా తిరిగి, గింజ మీదనుంచే నడిచి, మూలకెళ్ళి పడుకుంది. ఇన్నాళ్ళూ ఆ ఎలుకలకి ఎవరూ దాచిన తిండి పెట్టలేదు. గిన్నెలో పోస్తే కళ్ళతో చూసి తినేవి.

ముక్కులోపలి పొరని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. వాసన పట్టే నరాల కొసలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి, అడుగునున్న పసికణాలు పెరిగి వాటి చోటు తీసుకుంటాయి. మనిషికైనా ఎలుకకైనా ఇంతే. ఇక్కడ పాతవి రాలిపోయాయి. పసికణాలు ఉన్నచోటే ఉన్నాయి, పెరగలేదు. పడుకో అని బూజు పోగుకి చెప్పిన మాట వాటికీ వినపడింది.

మందు ఆపేస్తే లేస్తాయా? కొన్ని లేవొచ్చు. ఎన్నాళ్ళు పడుకున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కడుపులో, ఇంకా తయారవుతున్న ముక్కు సంగతేమిటి? ఆ ప్రశ్న దగ్గర హిమజ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

కేంద్రం డైరెక్టరు విశ్వనాథం మంచివాడే. ఆమె చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు.

"ఇప్పుడు ఆపితే ఏమవుతుందో నాకంటే నీకే తెలుసు," అన్నాడు.

తెలుసు. రెండు జిల్లాల నర్సరీల్లో, ప్రతి ట్రేలోనూ బూజు బతికే ఉంది. మంచు ఆగిందంటే అన్నిచోట్లా ఒక్కసారే లేస్తుంది. మొలకలు సరిగ్గా లేతగా ఉన్న సమయం.

"రెండు వారాలు ఓపిక పట్టమ్మా. నారంతా పొలాలకి వెళ్ళిపోతుంది. ఈలోగా నీ ప్రయోగం మళ్ళీ ఒకసారి చేసి ఖాయం చేసుకో. ఆ తర్వాత మనమే ప్రకటిద్దాం. ఇన్ని వేల కుటుంబాల పంట అది. అవతల పోయింది ముక్కే కదా, కళ్ళు కాదుగా."

ఆ మాట హిమజకి నచ్చలేదు. అయినా పీడకలలో ఏడుకొండలు బీడు చేను, బోర్లించిన ట్రేల గుట్ట ఆమెకి కొత్త కాదు. ప్రణతిని ఆ గదిలోకి వెళ్ళొద్దని మాత్రం చెప్పి, రెండు వారాలకి సరేనంది.

*

మొదటి వారం గడవకముందే దీనమ్మ ఇంట్లో మంటలు లేచాయి.

తెల్లవారుజామున లేచి టీ పెట్టుకోడానికి వంటింట్లోకి వెళ్ళింది. గ్యాస్ గొట్టం ఎప్పుడు చిట్లిందో ఏమో, మూసిన గదిలో రాత్రంతా నిండిపోయి ఉంది. కూతురు రూతు పెరట్లో మొహం కడుక్కుని లోపలికి వస్తూ గడపలోనే ఆగి, "అమ్మా, గ్యాసు!" అని అరిచింది. అప్పటికే దీనమ్మ అగ్గిపుల్ల గీసింది.

హిమజ ఆసుపత్రికి వెళ్ళేసరికి దీనమ్మని అరటాకు మీద పడుకోబెట్టి ఉంచారు. మొహం గుర్తుపట్టేలానే ఉంది. చేతులు, ఛాతీ కాలిపోయాయి.

రూతు వరండాలో అడ్డం నిలబడింది. ఇరవై నిండని పిల్ల. ఏడవడం లేదు.

"మా అమ్మకి వాసన తెలవట్లేదని మీకు ముందే తెలుసంట గదా?"

"తెలుసు."

"జలుబన్నారంట."

హిమజ తల దించుకుంది.

"పొయ్యి దగ్గర జాగ్రత్త అని ఒక్క మాట చెప్పలేకపోయారా? నేను వెలిగించేదాన్ని గదా పొయ్యి. గడప కాడికే కొట్టింది నాకు. మా అమ్మ దాని మధ్యలో నిలబడుకోనుంది."

రూతు పక్కకి జరిగింది. వెళ్ళమనో, ఇక నీతో మాటలేమిటనో.

దీనమ్మ కళ్ళు తెరిచి చూసింది. పెదవులు తడపడానికి నర్సు దూది అందించింది.

"ఆ గది ఆపించమ్మా," అంది. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. "బాబుకి కోపమొస్తది. రానీ. లోపల ఇంకా ఆడోళ్ళున్నారు. వాళ్ళు కూడా పొద్దున్నే లేసి పొయ్యిలు ఎలిగిస్తారు."

మూడోనాడు దీనమ్మ పోయింది. ఊరి చర్చి వెనకాల పూడ్చారు. పెట్టె మీద మల్లెపూల దండ వేశారు. నర్సరీ ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వంగి, ఆ పూలకి ముక్కు ఆనించి, లేచి వచ్చారు. ఎవరికీ ఏమీ తెలియలేదని హిమజకి తెలుసు. వాళ్ళకీ తెలుసు. అయినా ఒక్కరూ వంగకుండా వెళ్ళలేదు.

*

హిమజ శ్మశానం నుంచి తిన్నగా కారులో కూచుని ఫోన్ తీసింది. నర్సరీల పేర్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు, ప్రతిచోటా యంత్రం బిగించేటప్పుడు తనే వెళ్ళింది. ఒక్కొక్కరికే చెప్పింది. యంత్రం ఆపండి, తలుపులు తెరవండి, లోపల పనిచేసినవాళ్ళకి పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండొద్దని చెప్పండి. కొందరు ఏడ్చారు. కొందరు తిట్టి పెట్టేశారు. సాయంత్రం విలేకరుల ముందు కూచుని జోల మందు కనిపెట్టింది నేనే, దాని వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది, తెలిసి కూడా వారంపాటు నోరు మూసుకున్నాను అని చెప్పింది. మర్నాడు ఉదయం కేంద్రం ఆమెని ఉద్యోగంలోంచి పక్కన పెట్టింది.

ఆ మధ్యాహ్నం హిమజ వెళ్ళేసరికి వంశీ ఇంట్లో లేడు, నారుగది వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఒక్క వారం అక్కా," అన్నాడు. "ఒక్క వారంలో నారు వెళ్ళిపోతుంది. ఆడవాళ్ళనెవర్నీ రానివ్వను. నేనొక్కణ్ణే చూసుకుంటా. నా ముక్కు ఎలాగూ పోయింది."

"నీదొక్కటే కాదురా. మిగతా నర్సరీల్లో..."

"మిగతావాళ్ళ సంగతి నాకొద్దు! పోయినేడు చేతులెత్తి మొక్కినవాళ్ళు రేపు నా గొంతు పట్టుకుంటారు. నువ్వు క్వార్టర్స్‌కి వెళ్ళిపోతావు. ఈ ఊళ్ళో మొహం చూపించాల్సింది నేను."

"దీనమ్మ అడిగిందిరా. ఆఖరి మాటగా అడిగింది."

వంశీ మొహం ఒక్కసారి మెలితిరిగింది. దీనమ్మ చేతిలో పెరిగినవాడు. అయినా గుమ్మానికి అడ్డం నిలబడ్డ మనిషి కదల్లేదు.

లోపల యంత్రం రొద ఆగిపోయింది. వాళ్ళిద్దరూ తిరిగి చూశారు. వెనక తలుపులోంచి ఎప్పుడు వెళ్ళిందో ప్రణతి, మొహానికి తడిగుడ్డ కట్టుకుని, మీట మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"కిటికీలు నేను తెరవలేను," అంది. "ఎత్తులో ఉన్నాయి. మీ ఇద్దరిలో ఎవరైనా రండి."

*

బూజు లేచింది.

మొదటిరోజు ఏమీ కనపడలేదు. తర్వాత పొట్టు మీద అక్కడక్కడా సాలెగూడు పోగుల్లాంటివి. ఆ మర్నాటికి ఏ అర చూసినా తెల్లగా ఉంది. ఇన్నాళ్ళూ పడుకున్నదంతా ఒకేసారి ఆకలితో నిద్రలేచినట్టు.

హిమజ క్వార్టర్స్ ఖాళీ చేసి నర్సరీకే వచ్చేసింది. వంశీ ఆమెతో మాట్లాడటం మానేశాడు, పని మాత్రం పక్కపక్కనే చేశారు. గది కిటికీలన్నీ తీసి ఫ్యాన్లు తిప్పారు. ట్రేల మీద మూతలు తీసేసి, గాలి ఆడేలా ఎడం ఎడంగా పేర్చారు. ఒత్తుగా ఉన్న మొలకల్ని పలచన చేశారు. పైన ఒక్క చుక్క నీరు పడనివ్వకుండా, పొట్టు పైపొర పొడిబారాకే అడుగు పళ్ళెంలో నీళ్ళు పెట్టారు. తెల్లటి పోగు కనపడిన గుంటని చుట్టూ ఉన్న మొలకలతో సహా చెంచాతో తవ్వి బయట కాల్చారు. కొత్త మందేదీ లేదు. కళ్ళు చికిలించుకుని ఒక్కొక్క మొలక మొదలూ చూసుకుంటూ పోవడమే. ఇదివరకైతే ఏ మూల బూజు పడుతోందో ముక్కే ముందుగా చెప్పేది. ఇప్పుడా పని అనసూయ చేసింది. కర్ర ఊతంతో అరల మధ్య నడుస్తూ, ఆగి, "ఇక్కడ" అనేది. చూస్తే నిజంగానే పొట్టు అడుగున మొదలై ఉండేది.

నాలుగో వంతు నారు కూడా దక్కలేదు.

ఏడుకొండలు ట్రాక్టరు తెచ్చిన రోజు వాకిట్లో జనం మూగారు. లోపలికొచ్చి, ఖాళీ అరలు చూసి, హిమజ ముందు నిలబడ్డాడు.

"నువ్వే ఇచ్చావు, నువ్వే లాక్కున్నావు," అన్నాడు. "దున్ని, ఎరువు తోలి, ఆ చేను ముందర కూచోనున్నాను. పిల్లల్ని తీసుకుని బెంగళూరు పొమ్మంటావా కూలికి? ఆ రెండు వారాలు నీకు నోరు పెగలకపోతే ఏం పోయేది?"

"ఇంకో దీనమ్మ పోయేది," అంది హిమజ.

"నా ఇంట్లో పోయేవాళ్ళ లెక్క ఎవరు చూస్తారు?"

ఏడుకొండలు ఉన్నవాటిలో తన వంతుకొచ్చిన ట్రేలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు చాలా చేలు బీడుపడ్డాయి. ఆ వానాకాలంలోనే ఏడుకొండలు ఇంటికి తాళం పడింది.

*

ప్రణతికి వానలు తగ్గుముఖం పట్టాక ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, ఒత్తుగా జుట్టుతో. డాక్టరు చూసి గుండె బాగుంది, కళ్ళు, చెవులు బాగున్నాయి అని చెప్పి వెళ్ళిపోయాడు. అంతకంటే వాళ్ళు అడగలేదు. అడగడానికి భయపడి, రెండో రోజుదాకా ఆ మాటే ఎత్తలేదు.

మందు మానేశాక నర్సరీలో పనిచేసినవాళ్ళలో కొందరికి ఒకటీ అరా వాసనలు తిరిగి తెలుస్తున్నాయి. ప్రణతికి ఇంకా తెలియడం లేదు. హిమజకి తెలియలేదు. ఆమెకి ఇక తెలియకపోవచ్చని ముక్కు వైద్యుడు ముందే చెప్పాడు.

"వదినా," అంది ప్రణతి మూడోనాడు. "దీనికి తెలుసో లేదో చూసే దారి ఉందా? ఉంటే చూసెయ్యి. తెలియకుండా ఉండటం నావల్ల కావట్లేదు."

దారి ఉంది. హిమజ రెండు మెత్తటి గుడ్డముక్కలు తెప్పించింది. ఒకటి ప్రణతి రొమ్ముకి ఆనించి పాలతో తడిపింది. రెండోది ఉత్త నీళ్ళతో తడిపింది. పాప పాలు తాగి చాలాసేపయింది, మరికాసేపట్లో ఆకలికి ఏడుస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి, బుగ్గలకి తగలకుండా, ఆ చెంప పక్కన ఒకటి, ఈ చెంప పక్కన ఒకటి పట్టుకుంది. అనసూయ మంచం కోడు పట్టుకుని నిలబడింది. వంశీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏ గుడ్డ ఏదో నాకు తెలియడం లేదు," అంది ప్రణతి. "రెండూ ఒకలాగే ఉన్నాయి."

"నాకూ అంతే," అంది హిమజ. "పాలది నా కుడిచేతిలో ఉంది."

పాప కళ్ళు మూసుకునే ఉంది. పిడికిలి మూతి దగ్గరికి తెచ్చుకుంది, మళ్ళీ జార్చేసింది. కిటికీ బయట ఆసుపత్రి వరండాలో స్ట్రెచరు చక్రాలు కీచుమంటూ వెళ్ళాయి. గుడ్డలు కదలకుండా హిమజ మోచేతులు మంచానికి ఆనించింది.

పాప నుదురు కాస్త ముడిపడింది. ముక్కుపుటాలు, బియ్యపుగింజంతటివి, కదిలాయి. మెల్లగా, ఎంతో బరువైనదాన్ని మోస్తున్నట్టు, తల హిమజ కుడిచేతి వైపు తిప్పింది. నోరు తెరిచి వెతుక్కుంది.

హిమజ గుడ్డలు రెండూ అటుదిటు మార్చింది. పాప అటే తిరిగి కాసేపు వెతికి, ఏమీ దొరక్క మూలిగి, ఈసారి హిమజ ఎడమచేతి వైపుకి, పాలు ఉన్నవైపుకి తిరిగింది.

ప్రణతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. అనసూయ వంగి, కోడలి జుట్టు మీద చెయ్యి వేసి, "పచ్చిపాల వాసనమ్మా, కమ్మగా ఉంది," అంది. ఆ గదిలో ఆ వాసన తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆమె, ఆ పసిది.

హిమజ గుడ్డలు మడిచి పక్కన పెట్టబోయింది. గుమ్మం దగ్గర్నుంచి వంశీ నాలుగడుగులు లోపలికి వచ్చి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు. కళ్ళు కూతురి మీదే ఉన్నాయి.

"అక్కా," అన్నాడు, ఆ గది ఆపిన రోజు తర్వాత మొదటిసారి. "ఇంకొక్కసారి పెట్టి చూపించవూ."